పాత్రల వాపసు

1

చేత్తో రాయాలన్నారు. రాస్తున్నాను.

నోటితో చెబితే యంత్రమే రాసి పెడుతుంది. కానీ యంత్రం రాసిందాన్ని ఆఫీసులో నమ్మరట. ఎవరి పేరు మీద ఎవరైనా ఏదైనా రాయించేస్తున్నారట. చేతిరాతకి మాత్రం దొంగతనం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదని లిఖిత గారు చెప్పారు. ఆవిడ వాయిదా ఆసరా ఆఫీసరు. చిన్నపిల్ల. అయినా గారు అనాలి.

నా పేరు నాంచారయ్య. చదువు ఐదో తరగతి, ఊళ్ళో. ఆ ఊరు ఇప్పుడు మా ఇంటి కింద ఉంది, నీళ్ళ అడుగున. బడి కూడా అక్కడే ఉంది.

పని: సోలారు పలకల మీద కొంగల్ని తోలడం. పలకలు నీళ్ళ మీద బారుగా తేలుతుంటాయి. కొంగలు వాలి రెట్ట వేస్తే కరెంటు తగ్గుతుంది. చిన్న పడవలో తిరుగుతూ వడిసెలతో మట్టి ఉండలు విసిరేవాణ్ణి. కొంగకి తగలకూడదు. పలకకీ తగలకూడదు. రెండింటికీ మధ్య పడాలి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. నాకు బాగుండేది.

పోయిన నెల పలకలకి ఏదో పూత పూశారు. కొంగలు వాలడం మానేశాయి. నా పని పోయింది.

2

పని పోతే ముందు ఇంటికి చెప్పాలి. అది రూలు. చెప్పాను.

"విన్నానండి," అంది ఇల్లు. "విచారంగా ఉందండి. ఈ నెల వాయిదా ఎప్పుడు కడతారండి?"

"తెలీదు."

"అలాగేనండి."

ఇది అప్పు మీద కొన్న తేలే ఇల్లు. వాయిదాలు సగం పైన కట్టేశాను. కడుతున్నంత కాలం మా వరసలో తన గుంజకి తాడు కట్టుకుని ఉంటుంది. కట్టకపోతే పౌర్ణమి పోటుకి తాడు తనే విప్పుకుని కంపెనీ రేవుకి వెళ్ళిపోతుంది. పోటు మీదైతేనే ఇసకమేట దాటగలదు. మర్యాదగానే వెళ్తుంది. ముందు చెబుతుంది. మనం సామాను దించుకునేదాకా ఆగుతుంది.

మా వరస చివర ఇల్లు అలాగే వెళ్ళింది. ఇంటాయన పంచాయితీ పెట్టడానికి బయటికి పోయి ఉన్నాడు. ఎవరూ ఎదురు చెప్పకపోయేసరికి దానికి ఆగాల్సిన పని లేకపోయింది. పైన మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. వాటితోనే వెళ్ళింది. వరసంతా నిలబడి చూశాం. ఎర్రగా ఉండటం వల్ల చాలా దూరం కనపడింది.

3

మా ఇంట్లో ఇద్దరం. అక్క పేరు తిరపతమ్మ. బావ పోయాక నా దగ్గరికి వచ్చింది. నాకు పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపుల్లో తల ఎత్తలేదు. పిల్ల వాళ్ళు మూగవాడనుకున్నారు. కాదని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

అక్క ఇంటిని కోడలా అని పిలుస్తుంది. తనని అత్తగారూ అనమని దానికి నేర్పింది. కోడలు లేని కొరత అలా తీర్చుకుంది.

"కోడలా, పని పోయినందుకు వాణ్ణేమన్నా అన్నావా?"

"లేదండి అత్తగారూ. వాయిదా అడిగానండి."

"దాన్నే అనడం అంటారు."

"ఇకమీదట గుర్తుంచుకుంటానండి. వాయిదా మాత్రం అడగాలండి."

"నువ్వు నిజంగా కోడలివే," అంది అక్క.

4

లిఖిత గారు పడవలో వచ్చారు. గొడుగు, సంచి. అక్క టీ ఇస్తే వద్దన్నారు. ఆసరా తీసుకునే ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదట.

ఆదాయం పోయినవాళ్ళ ఇంటి వాయిదా ఏడాది దాకా గవర్నమెంటు కడుతుంది. మనం చేయాల్సినవి మూడు. పని కోసం చూడాలి. ఏం చేశామో చేత్తో రాయాలి. నెలకోసారి ఇల్లు వాంగ్మూలం ఇవ్వాలి. ఇంటికి అబద్ధం రాదు కాబట్టి దాని మాటే ఆఖరు.

"ఆదాయం?" అని ఇంటిని అడిగారు.

"లేదండి."

"మంచిది," అన్నారు లిఖిత గారు.

నాకు ఆదాయం లేకపోవడం మంచిదన్న మొదటి మనిషి ఆవిడే.

వాయిదా గవర్నమెంటు కట్టింది. ఇల్లు తాడు ఇంకో చుట్టు చుట్టుకుంది.

5

గుమ్మం మీదున్న ఇంటి కన్ను తడిగుడ్డతో తుడిచాను. ఉప్పు పేరుకుంటే దానికి సరిగా కనపడదు. ఇంటి అడుగున పట్టిన గుల్లలు గీకాను. పైన కుండీల్లో గోంగూరకి నీళ్ళు పోశాను.

పని కోసం చూశాను. లేదు.

6

నిన్నటిలాగే. గుల్లలు ఇంకా ఉన్నాయి. పని లేదు.

7

పక్కింటి బేబమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. రొయ్యల బుట్టలు వేసుకుని బతుకుతుంది. వాళ్ళాయన పెద్ద ఓడ మీద ఉంటాడు. మా రెండిళ్ళ మధ్య ఒక బల్ల వేసి ఉంటుంది. దాని మీద నడిచి వస్తుంది, చూసుకోకుండా.

"బాబాయ్, పని పోయిందంటగా? ఇదిగో చేపల పులుసు. ఎటూ మాట్లాడవు. నోరు ఖాళీగా ఉండటమెందుకు, తిను."

తిన్నాను. అలాంటి పులుసు తిని చాలా రోజులైంది.

8

అక్క బేబమ్మ గిన్నె కడిగి, గోంగూర కోసి నిండా పెట్టి పంపింది.

ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదు. ఎందుకో నాకు తెలీదు. మా అమ్మ పంపేది కాదు. కూరో నారో వేసేది. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార. పంచదార కూడా లేకపోతే ఆ గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయేది, ఏదో ఒకటి దొరికేదాకా. వాళ్ళు అడిగేవాళ్ళు కాదు. వాళ్ళకీ తెలుసు.

9

నా పని పోయిన సంగతి వరసంతా తెలిసింది. బేబమ్మకి తెలిస్తే అంతే.

ఒకరింటి నుంచి పప్పుచారు వచ్చింది. ఒకరింటి నుంచి రొయ్యల వేపుడు. ఉలవచారు. పెసరట్లు. దోసావకాయ. గిన్నెలు గూట్లో పట్టలేదు.

పని కోసం చూడ్డానికి వెళ్దామనుకున్నాను. గిన్నెలు ఇచ్చి రావడంతో పొద్దు పోయింది.

10

గోంగూర అయిపోయింది. మోళ్ళు మిగిలాయి.

అక్క కాసేపు ఆలోచించింది. వరసలో మాకు పై ఇంటి పప్పుచారు కింది ఇంటి గిన్నెలో పోసింది. కింది ఇంటి వేపుడు బేబమ్మ గిన్నెలో వేసింది. బేబమ్మ పులుసు పై ఇంటికి పంపింది. మాకు కావలసింది మధ్యలో తీసుకున్నాం.

"కోడలా, తప్పా ఇది?"

"ఏది వచ్చిందో, ఏది పోయిందో చూస్తున్నానండి అత్తగారూ. తప్పొప్పులు నా పని కాదండి."

ఇప్పుడు వరసలో అందరూ అందరి కూరలూ తింటున్నారు. ఆరేళ్ళుగా మాటల్లేని రెండిళ్ళవాళ్ళు కూడా. వాళ్ళకి తెలీదు. అక్క చెప్పొద్దంది. ఇది ఆఫీసుకి వెళ్ళే రాత కాబట్టి పేర్లు రాయను.

11

గుమ్మం దాటుతుంటే ఇల్లు పలికింది.

"మీ తూకం పెరిగిందండి."

"సంతోషం."

"నమోదు చేశానండి."

పని కోసం చూశాను. మట్టి ఉండలు చేసే చోట అడిగాను. కొంగలే లేనప్పుడు ఉండలెందుకన్నారు. నిజమే.

12

లిఖిత గారు వచ్చారు. ఇంటిని అడిగారు.

"ఆదాయం?"

"డబ్బు రూపేణా లేదండి. మార్పిళ్ళు ఉన్నాయండి."

"చదువు."

చదివింది. "చేపల పులుసు లోపలికి, గోంగూర బయటికి. పప్పుచారు లోపలికి, రొయ్యల వేపుడు బయటికి." అలా చదువుతూనే ఉంది. మధ్యలో లిఖిత గారు మంచినీళ్ళు తాగారు. మళ్ళీ తాగారు. ఉలవచారు దగ్గర ఒకసారి కళ్ళు మూసుకున్నారు.

చదవడం అయ్యాక, "ఇది వ్యాపారమండి," అన్నారు.

"ఎవరిది?" అంది అక్క.

"మీదే. ఈ వరసలో ఇంత పెద్ద వ్యాపారం ఇంకెవరికీ లేదు."

అక్క నా వంక చూసింది. నేను గిన్నెల వంక చూశాను.

లిఖిత గారు ఓపిగ్గానే చెప్పారు. ఊరికే తీసుకుంటే దానం. దానానికి లెక్క లేదు, ఎంతైనా తినొచ్చు. తీసుకుని తిరిగి ఇస్తే మార్పిడి. మార్పిడి అంటే ఆదాయం. ఆదాయం ఉన్నవాళ్ళకి ఆసరా లేదు.

"అంటే అడుక్కు తింటే పరవాలేదు. పెట్టి తింటే తప్పు," అంది అక్క.

"నేను రాసిన రూలు కాదండి అది."

ఏం చేయమంటారని నేను అడిగాను. గొంతు సరిగా రాలేదు. మళ్ళీ అడిగాను.

"గిన్నెలు ఖాళీగా తిరిగి ఇచ్చేయండి. అంతే. ఈసారి వాయిదా ఆపుతున్నాను. వచ్చే పౌర్ణమికి ముందు రోజు వస్తాను. అప్పటిదాకా ఒక్క మార్పిడి కూడా లేకపోతే, ఆపింది కూడా కలిపి కట్టిస్తాను. ఒక్కటున్నా పోటుకి ఇల్లు వెళ్ళిపోతుంది. నేను ఆపలేను."

ఖాళీగా అన్న మాట ఆవిడ చాలా తేలిగ్గా అన్నారు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ పైన కుండీలు చూశారు. గోంగూర మళ్ళీ చిగురేస్తోంది.

"మా అమ్మకి జ్వరం వచ్చి తగ్గిందండి. నోటికేదీ సయించడం లేదు. గోంగూర గోంగూర అంటోంది. మా వైపు దొరకదు."

అక్క లోపలికి వెళ్ళింది. జాడీలో ఉన్న గోంగూర పచ్చడి గిన్నెలోకి తీసి మూతపెట్టి తెచ్చింది.

"అయ్యో, నేను తీసుకోకూడదండి."

"నీక్కాదమ్మాయ్. మీ అమ్మకి. మీ అమ్మేమన్నా ఆఫీసరా?"

లిఖిత గారు ఆలోచించారు. కాదన్నారు. తీసుకున్నారు.

"దానం అని రాసుకున్నానండి," అంది ఇల్లు.

వాయిదా ఆపిన మనిషికి పచ్చడి ఎందుకని అడిగాను. "వాయిదా ఆపింది ఈ పిల్ల. నోరు చేదుగా ఉన్నది వాళ్ళమ్మకి," అంది అక్క.

13

బేబమ్మ పులుసు తెచ్చింది. నేను గిన్నె తీసుకుని పడవ ఎక్కాను. ఇంటి కన్నుకి ఆనని చోటికి తెడ్డు వేసుకుంటూ పోయి అక్కడ తిన్నాను. చల్లారిపోయింది.

తిరిగి వస్తే ఇల్లు అడిగింది.

"మీరు రెండు పూటలు తినలేదండి. తూకం తగ్గలేదండి. ఆరోగ్యం వాళ్ళకి కబురు పెట్టమంటారా?"

"వద్దు."

"అయితే ఎక్కడ తిన్నారో చెప్పాలండి."

చెప్పేశాను. నాకు అబద్ధం ఆడటం రాదు. దానికి మాటలు ఎక్కువ కావాలి.

"గిన్నె ఇంకా వెనక్కి ఇవ్వలేదు కదండి. ఇప్పటికి ఇది దానమేనండి," అంది ఇల్లు. సాయం చేద్దామనే అంది.

14

గిన్నె కడిగాను. తుడిచాను. అక్కకి ఇవ్వబోయాను.

"నేను ముట్టుకోను. ఆ గుమ్మంలోకి ఖాళీ గిన్నెతో వెళ్ళే మొహం నాకు లేదు. నీకు ఇల్లు కావాలి, నువ్వు వెళ్ళు."

"నీకొద్దా?"

అక్క పొయ్యి వైపు తిరిగింది.

వెళ్ళాను. బల్ల మీద నడుస్తూ ఏం చెప్పాలో అనుకున్నాను. గవర్నమెంటు రూలు, పౌర్ణమి, మార్పిడి. అన్నీ వరసగా పెట్టుకున్నాను.

బేబమ్మ రొయ్యలు వలుస్తోంది. చెయ్యి తుడుచుకుని గిన్నె అందుకుంది. మూత తీసి చూసింది. మూత పెట్టింది. మళ్ళీ తీసి చూసింది.

"ఏం బాబాయ్?"

"గిన్నె," అన్నాను.

"చూస్తున్నా."

ఇంకేమీ రాలేదు. వచ్చేశాను.

మిగతా గిన్నెలు ఎవరూ లేని వేళ చూసి ఎవరి గుమ్మంలో వాళ్ళకి పెట్టి వచ్చాను. అన్నీ ఖాళీవే. బాగా కడిగినవే.

15

ఒక్క గిన్నే రాలేదు. కన్ను తుడిచాను. గుల్లలు గీకాను. పని లేదు.

16

బేబమ్మ బల్ల లాగేసుకుంది. కడగడానికేమో అనుకున్నాను. గోడకి చేరేసింది. కడగలేదు.

17

రేషను బియ్యం, గోంగూర.

18

గోంగూర.

19

అక్క నాతో మాట్లాడటం లేదు. ఇంటితో చెప్పిస్తోంది.

"కోడలా, వాణ్ణి అన్నం తినమను."

"నాంచారయ్య గారూ, అన్నం తినమంటున్నారండి."

"కూరేమిటని అడుగు," అన్నాను.

"కూరేమిటండి అత్తగారూ?"

"వాడికి తెలుసని చెప్పు."

"మీకు తెలుసంటున్నారండి."

తెలుసు. గోంగూర.

20

బేబమ్మ నీళ్ళ మీదుగా పై ఇంటావిడతో మాట్లాడుతోంది. నాకు వినపడాలనే మాట్లాడుతోంది.

"వాళ్ళ వాయిదాలు గవర్నమెంటు కడుతోందమ్మా. ఇంక మన గిన్నెల్లో ఏమన్నా వేస్తారా? పెద్దవాళ్ళయిపోయారు. మొన్న మా గిన్నె ఎంత బాగా తోమి పంపారో చూడు, మొహం కనపడుతోంది. చూసుకోమనేమో."

పై ఇంటావిడ, "మా గిన్నె మూతకి సొట్ట కూడా తీశారు," అంది.

సొట్ట నేనే తీశాను. ఖాళీగా ఇస్తున్నాను కదా, అదైనా చేద్దామని.

21

పని కోసం చూశాను. రేవులో కూర్చుని వచ్చేపోయే జనాన్ని పేరు పెట్టి పలకరించే పని ఒకటుందట. యంత్రం పలకరిస్తే జనం నొచ్చుకుంటున్నారట. నా వయసు సరిపోతుందన్నారు. పలకరించి చూపించమన్నారు.

రాలేదు. వచ్చేశాను.

22

ఇవాళ అక్క నాతోనే మాట్లాడింది. అన్నం కలుపుతూ తల వంచుకుని అంది.

"ఇల్లు పోతే పోనీ అందామనుకున్నాన్రా. ఎవరింటి అరుగు మీదైనా పడుకుందాం, నలుగురున్నారు అందామనుకున్నా. ఇప్పుడు ఎవరు పడుకోనిస్తారు?"

ఆ సంగతి నాకు తట్టలేదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి గిన్నెలు ఖాళీగా ఇచ్చాను. ఇప్పుడు ఇల్లు కూడా పోతే మాకు నీళ్ళే మిగులుతాయి.

23

పోటు దగ్గరపడుతోంది. గుంజ దగ్గర చప్పుడైతే వెళ్ళి చూశాను.

"ఒకసారి తాడు వదిలి పట్టుకున్నానండి. చాలా కాలంగా వదల్లేదు కదండి. పని చేస్తోందండి," అంది ఇల్లు.

నేను పైకెక్కి గోంగూర కుండీలు దింపి పడవలో పెట్టాను. ఇంటితో పాటు వెళ్ళిపోతే బాగుండదు. అక్క చూసింది. రోలు కూడా పెట్టమంది.

24

రేపు పౌర్ణమి. లిఖిత గారు ఇవాళ వచ్చారు.

చెప్పిన నెలంతా మార్పిడి లేదు. నాకు తెలుసు, ఇంటికీ తెలుసు. పది మాటల్లో అయిపోయే పని. నేను చొక్కా వేసుకుని కూర్చున్నాను.

గుమ్మంలోకి వస్తూనే ఆవిడ మొహం వెలిగిపోతోంది. సంచిలోంచి మా గిన్నె తీసి అక్క చేతిలో పెట్టారు.

"మా అమ్మ లొట్టలేసుకుంటూ తిందండి. ఆ పూటే లేచి తిరిగింది. మీకు దండాలు చెప్పమంది."

అక్క మూత తీసింది. సున్నుండలు. నిండా.

"మార్పిడి ఒకటి నమోదైందండి," అంది ఇల్లు. "గోంగూర పచ్చడి బయటికి. సున్నుండలు లోపలికి. ఇంతకుముందు దానం అని రాసింది కొట్టేశానండి. అవతలి పక్షం, లిఖిత గారండి."

లిఖిత గారు తలెత్తి ఇంటి కన్ను వంక చూశారు.

"మార్పిడి కాదు. గిన్నె తిరిగి ఇచ్చాను," అన్నారు లిఖిత గారు.

"లోపల ఉండలున్నాయండి."

"అవి మా అమ్మ పెట్టింది. నేను గిన్నె తీసుకుని బయల్దేరుతుంటే, ఖాళీగా ఎలా ఇస్తావే, సిగ్గులేదూ అని..."

అక్కడ ఆగిపోయారు.

"ఖాళీగా ఎలా ఇవ్వాలండి?" అడిగింది ఇల్లు. ఎగతాళి కాదు. ఇంటికి ఎగతాళి రాదు.

"మా తమ్ముణ్ణి అడుగు. వాడికి తెలుసు," అంది అక్క.

లిఖిత గారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. కానీ ఈసారి చెప్పాలనిపించింది.

"ఇచ్చానండి. బేబమ్మకి. మీరు చెప్పినట్టే, ఖాళీగా. అందరివీ ఇచ్చేశాను. ఆవిడ బల్ల లాగేసుకుంది."

అంతే చెప్పాను. ఆఫీసరుకి నేను అన్ని మాటలు చెప్పడం ఇదే మొదలు.

లిఖిత గారు లేచి పక్క గుమ్మంలోకి వెళ్ళారు. బల్ల ఉండే చోట నీళ్ళు చూశారు. పడవలో కుండీలు, రోలు చూశారు. అవతల బేబమ్మ బుట్ట అల్లుతోంది. ఆఫీసరుని చూసి మొహం తిప్పుకుంది. లిఖిత గారు వచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"వాంగ్మూలం ఇవ్వమంటారా అండి?" అంది ఇల్లు.

"ఆగు." సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇంట్లోకి వచ్చేవీ పోయేవీ రాయడానికి నీ దగ్గర ఏమేం పద్దులున్నాయి?"

"జీతం, వ్యాపారం, మార్పిడి, దానం, బాకీ, దొంగతనం, పాత్రల వాపసు అండి."

"పాత్రల వాపసా? అదేమిటి?"

"వరద రోజుల్లో గవర్నమెంటు వంటశాల నుంచి డబ్బాల్లో అన్నం వచ్చేదండి. డబ్బాలు తిరిగి పంపినప్పుడు రాసుకోవడానికి పెట్టారండి. ఇప్పుడు వాడకంలో లేదండి. ఆదాయం కిందికి రాదండి."

"ఈ గిన్నెని అందులో రాయి."

"గిన్నెని రాస్తానండి. లోపల ఉన్నదాన్నండి?"

లిఖిత గారు సున్నుండల వంక చాలాసేపు చూశారు.

"లోపల ఉన్నది పాత్రలో భాగమే," అన్నారు.

"ఈ ఒక్క గిన్నెకేనా అండి? కిందటిసారి చదివినవాటికి కూడానా అండి?"

"అన్నిటికీ. ఇకమీదట వచ్చేవాటికి కూడా."

"ఎవరి ఉత్తరువని రాయమంటారండి?"

"నాది."

"పైవాళ్ళు చేతిరాత అడుగుతారండి."

నా దగ్గర కాగితం తీసుకుని రాశారు. కలం కొత్తగా పట్టుకున్నట్టు పట్టుకున్నారు. అక్షరాలు బాగా లేవు. అలవాటు లేదు కదా. సంతకం పెట్టాక కాగితాన్ని ఇంటి కన్నుకి చూపించారు. నేను ఆ పొద్దున్నే కన్ను తుడిచి ఉండటం మంచిదైంది.

"పైవాళ్ళు నిన్నేమన్నా అంటారా అమ్మాయ్?" అంది అక్క.

"అనొచ్చండి."

"అంటే మా ఇంటికి పంపు. వాళ్ళ అమ్మలకి పచ్చడి పెట్టిస్తాను."

లిఖిత గారు నవ్వలేదు. ఇంటివైపు తిరిగారు.

"ఆదాయం?"

"లేదండి."

"మంచిది."

రెండు వాయిదాలూ అక్కడే కట్టించారు. వెళ్తుంటే అక్క ఇంకో గిన్నెలో పచ్చడి ఇచ్చింది. ఈసారి తీసుకోకూడదని అనలేదు.

గిన్నె వాళ్ళమ్మ ఖాళీగా పంపదని అక్కకి ముందే తెలుసా, తెలిసే ఇచ్చిందా అని అడగాలనుకున్నాను. అక్క లోపల తనలో తను నవ్వుకుంటోంది. అడగలేదు.

25

సాయంత్రం పోటు వచ్చింది. ఇసకమేట మునిగింది. వరసలో అందరూ గుమ్మాల్లో నిలబడి మా ఇంటి వంక చూస్తున్నారు. పడవలో కుండీలు చూసి వెళ్ళిపోతుందనుకున్నట్టున్నారు. బేబమ్మ కూడా ఉంది. వెళ్ళేదాకా చూద్దామని నిలబడిందో, ఇంకెందుకో తెలీదు. చేతిలో రొయ్య అలాగే ఉంది, వలవలేదు.

ఇల్లు కదల్లేదు. "తాడు బిగించుకున్నానండి," అంది.

ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు.

నేను మా గిన్నెలో సున్నుండలు పెట్టుకున్నాను. నా అంతట నేను ఎవరింటికీ ముందుగా ఏదీ తీసుకెళ్ళినవాణ్ణి కాదు. బల్ల లేదు కాబట్టి పడవ ఎక్కాను. నాలుగడుగుల దూరానికి పడవ కట్టు విప్పడం, మళ్ళీ కట్టడం పెద్ద పని. ఆ పని చేస్తున్నంతసేపూ బేబమ్మ చూస్తూనే ఉంది. సాయం చేయలేదు. లోపలికీ వెళ్ళలేదు.

"బేబమ్మా."

"నోరుందే," అంది.

"గిన్నె."

"ఖాళీదేనా?"

"కాదు."

మూత తీసింది. ఒక ఉండ తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఎవరు చేశారు? తిరపతమ్మ అత్త చెయ్యి కాదు."

"ఆఫీసరు గారి అమ్మ."

"ఆఫీసరు గారి అమ్మ నాకెందుకు చేస్తుంది?"

చెప్పాను. "గిన్నెలో ఏమన్నా వేసి పంపితే ఇల్లు పోతుందన్నారు. వేయలేదు. వేయకపోతే బల్ల పోయింది."

బేబమ్మ ఉండ తిప్పడం ఆపింది.

"ఆ ముక్క అప్పుడే చెబితే నీ సొమ్మేం పోయేది బాబాయ్?"

"చెబుదామనే వచ్చాను. గిన్నె దాకా చెప్పాను."

నవ్వు ఆపుకోవడానికి ఉండ కొరికింది. నమిలింది.

"నెయ్యి దగ్గర చెయ్యి ముడుచుకుంది ఆఫీసరు గారి అమ్మ," అంది. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. బల్ల వేయలేదు.

26

గుల్లలు గీకాను. కుండీలు మళ్ళీ పైకి ఎక్కించాను. రోలు అక్క పడవలోనే ఉంచమంది, కొన్నాళ్ళు. పని కోసం చూశాను. లేదు.

బల్ల గోడకే ఉంది. గిన్నె రాలేదు. తొందర లేదు. ఏదో ఒకటి దొరకాలి కదా.

27

పొద్దున లేచేసరికి బల్ల వేసి ఉంది. కడిగి ఉంది.

రేవులో పలకరించే పనికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఒకాయన్ని పలకరించగలిగాను. ఆయన ఆగలేదు. ఇంకో రోజు రమ్మన్నారు.

ఇంటికి వచ్చేసరికి గిన్నె గుమ్మంలో ఉంది. లోపల ఏముందో రాయను. పాత్రలో భాగమే.